ముప్పై ఒకటో పొర

ఫెర్మిన్ గరిటె కింద పెట్టలేదు. సూపు వడ్డించడం మధ్యలో ఆపి, గరిటెను కూతురి మొహం మీదికి చూపించాడు.

“రాశావా, లేదా? ఒక్క ముక్క చెప్పు.”

అరాసేలి రొట్టె తుంచుతూ ఉంది. తుంచిన ముక్కలు నోట్లో పెట్టుకోకుండా పళ్లెం పక్కన పేర్చుకుంటూ పోతోంది.

“నాన్నా, ముందు సూపు పొయ్.”

“సూపు ఎక్కడికీ పారిపోదు. మీ అమ్మ పేరు ఆ కాగితం మీద రాశావా అని అడుగుతున్నా.”

“ఇంకా పంపలేదు. రేపు పొద్దున ఏడింటికల్లా పొన్సియానో చూడాలి.”

“అంటే రాస్తావన్నమాట.”

“అంటే ఇంకా పంపలేదన్నమాట!”

కసిల్దా లేచి, మొగుడి చేతిలోంచి గరిటె తీసుకుని, మిగతా సూపు తనే పోసింది. ఆదివారం కొసీదో అంటే మూడు వడ్డనలు: సూపు, తరవాత శనగలూ కూరగాయలూ, చివరికి మాంసం. ఈ పోట్లాట సూపు దగ్గరే ఇంత ఉంటే మాంసం దాకా ఎవరు మిగులుతారో అనుకుంది. అనుకుందే గాని నవ్వు రాలేదు. బుధవారం నుంచి ఆమెకి దేనికీ ఓపిక లేదు.

బుధవారం నాడు ఫ్యాక్టరీలో, విమానం తోకకి వెళ్లే ప్యానెల్ ఒకదాన్ని శబ్దాలతో పరీక్షిస్తుంటే, తలుపు కోసం వదిలిన కన్నం అంచున పొరల మధ్య అరచేయంత మరక తేలింది. జిగురు పట్టిన కార్బన్ గుడ్డకి వెనకాల పచ్చటి ప్లాస్టిక్ కాగితం అంటి ఉంటుంది. పొర పరిచాక దాన్ని ఒలిచెయ్యాలి; ఒలిచిన ముక్కలన్నీ ఉన్నాయో లేదో ఇంకొకామె లెక్క చూడాలి. ఎవరో ఒలిచారు, మూల చిరిగింది, చిరిగిన ముక్క అక్కడే ఉండిపోయింది. దాని మీద ఇంకా పొరలు పడ్డాయి. ప్యానెల్ పెద్ద పొయ్యిలోకి వెళ్లి ఉడికి రాయిలా గట్టిపడి వచ్చింది. ఇక విప్పి తియ్యడానికి లేదు.

మొదటి ఇరవై ఎనిమిది పొరలూ యంత్రం పరుస్తుంది. ఆ పైన తలుపు అంచుకి బలం కోసం ఎనిమిది పొరలు, దుమ్ము చొరని తెల్లగదిలో, ఆడవాళ్లు చేత్తో వేస్తారు. మరక ఉన్నది ముప్పై ఒకటో పొర మీద. యంత్రానికి దారి రాసిచ్చేది అరాసేలి; మరక ఎలా వచ్చిందో రాసి నాణ్యత విభాగం పెద్ద పొన్సియానోకి పంపాల్సిందీ ఆమే. ముప్పై ఒకటో పొర వేసినామె గడిలో ఉన్న పేరు కసిల్దాది.

“నాకు తెలీక అడుగుతాను,” ఫెర్మిన్ చెంచా సూపులో ముంచి అలాగే ఉంచాడు. “ఇరవై ఆరేళ్లు ఆ తెల్లగదిలో నిలబడి నిన్ను ఇంజనీరుని చేసింది. ఇప్పుడు నువ్వే దాని మెడ మీద కత్తి పెడతావా?”

“నేనేం పెట్టట్లేదు. మరక ఎంత లోతులో ఉందో పరీక్ష చెప్తుంది. అది నా చేతుల్లో లేదు.”

“రాసే చెయ్యి నీదే కదా!”

“నేను రాయకపోతే ఇంకొకళ్లు రాస్తారు.”

“రాయనీ. వాళ్లు నా కూతుళ్లు కాదుగా.”

కసిల్దా శనగల పళ్లెం తెచ్చి మధ్యలో పెట్టింది. “తినండి. చల్లారితే జిగురైపోతాయి.”

ఎవరూ ముట్టుకోలేదు. ఫెర్మిన్ కుర్చీలో వెనక్కి వాలాడు. లా సాగ్రా మైదానమంతా ఇటుక బట్టీలు పొగలు కక్కిన రోజుల్లో అతను బట్టీ మేస్త్రీ. బట్టీలు ఒకటొకటే మూతపడి అతని పని పోయాక, ఈ ఇల్లు కసిల్దా చేతుల మీదే నడిచింది. ఆ సంగతి అతను ఎప్పుడూ నోటితో అనలేదు. అందుకే ఇవాళ ఇంత గట్టిగా అరుస్తున్నాడు.

“కొత్త సంవత్సరం వెళ్లగానే రెండో యంత్రం వస్తోందట,” అన్నాడు, గొంతు తగ్గించి. “తెల్లగది మూసెయ్యడానికి వాళ్లకి ఒక సాకు కావాలి. అరవై మంది ఉండేవాళ్లు, పదకొండు మంది మిగిలారు. ఆ సాకు నువ్వు రాసి ఇస్తావు. అదీ మీ అమ్మ పేరుతో.”

అరాసేలి మొహం ఎర్రబడింది. తండ్రికి జవాబివ్వకుండా తల్లి వైపు తిరిగింది.

“అమ్మా. ముప్పై ఒకటో పొర ఎవరు వేశారు?”

“కాగితం మీద ఉందిగా.”

“కాగితం మీద వేసింది నువ్వు, ఒలిచిన ప్లాస్టిక్ లెక్క చూసింది విసి. కాగితం సంగతి నాకు తెలుసు. నిన్ను అడుగుతున్నా.”

కసిల్దా శనగల్లోంచి ఒక కారెట్ ముక్క తన పళ్లెంలో వేసుకుంది. దాన్ని చెంచాతో రెండు చేసింది. రెండు ముక్కల్నీ మళ్లీ నాలుగు చేసింది.

“అమ్మా, నువ్వు కాదని ఒక్కసారి చెప్పు. నేను ఇంకేం అడగను. పొన్సియానోతో నేను పోట్లాడతాను.”

కసిల్దా ఆ నాలుగు ముక్కల్నీ చెంచాతో మెదిపింది.

అరాసేలి కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. మెట్లెక్కుతున్న అడుగుల చప్పుడు, తలుపు వేసుకున్న చప్పుడు. ఫెర్మిన్ పెళ్లాం వైపు చూశాడు. ఇంతసేపూ మండిన కళ్లలో మొదటిసారి వేరే ఏదో కనిపించింది.

“కసిల్దా... నువ్వెందుకు మాట్లాడలేదు?”

“మాంసం తేనా?” అంది కసిల్దా.

*

నాలుగింటికి విసి పెరటి వైపు నుంచి వచ్చింది. ముందు తలుపు తట్టడం ఆమెకి అలవాటు లేదు. ఇద్దరూ ఒకే నెలలో తెల్లగదిలో చేరారు. విసితాసియోన్ అనే పూర్తి పేరు ఫ్యాక్టరీ కాగితాల మీదా, చర్చి పుస్తకంలోనూ తప్ప ఎక్కడా వినపడదు.

కసిల్దా పెరట్లో కొసీదో కుండ తోముతోంది. ఫెర్మిన్ వెల్లుల్లి మడి దగ్గరికి వెళ్లిపోయాడు. అతనికి కోపం వచ్చినా, భయం వేసినా కాళ్లు అటే వెళతాయి.

“ఒసేయ్, కుండ అరిగిపోతుందే. ఇటివ్వు.”

“వదులు. నేను తోముకుంటా.”

విసి బకెట్టు బోర్లించుకుని దాని మీద కూలబడింది. బరువైన మనిషి, గట్టి గొంతు. ఇవాళ గొంతు మాత్రం లోపలికి పోయింది.

“నీ కూతురు ఏమంటోంది?”

“అడుగుతోంది.”

“నువ్వేమన్నావు?”

“ఏమీ అనలేదు.”

“మంచి పని చేశావు.” విసి ఊపిరి వదిలింది. “చూడు కసిల్దా, ఆ ప్యానెల్ వేసిన వారమంతా మధ్యాహ్నాలు నేను లేను. మా ఆయన్ని తొలేదో ఆసుపత్రికి తీసుకెళ్లాను. నా గడిలో నా పేరు నువ్వే పెట్టెయ్యమన్నాను. పెట్టావు. అది బయటపడితే ఇద్దరం పోతాం. పింఛనుకి నాకింకా మూడేళ్లు ఉంది. మా ఆయన వారానికి మూడు రోజులు రక్తం శుభ్రం చేసే ఆ మిషను కింద పడుకోవాలి. నీకు చెప్పాలా?”

“నాకు తెలుసు.”

“యంత్రం మీదకి తోసెయ్. ఆ ఒంటిచేతిదానికి పిల్లలా, పీచులా? మొగుడా, మూత్రపిండాలా? దాన్ని ఎవరు పనిలోంచి తీసేస్తారు? రెండు బోల్టులు బిగించి మళ్లీ పనిలో పెడతారు.”

తెల్లగది ఆడవాళ్లు యంత్రాన్ని ఒంటిచేతిది అంటారు. పైనించి వేలాడే ఒక్క చెయ్యి, దాని చివర రోలరు, రోలరు కింద నల్లటి నాడాలు. ఒక్కో నాడా వేలెడు వెడల్పు. అది ఒక్క గుక్కలో పరిచేదాన్ని పూర్వం ఆరుగురు ఆడవాళ్లు ఒక పూటంతా పరిచేవారు.

“ప్లాస్టిక్ నేను శుభ్రంగానే ఒలిచాను,” అంది కసిల్దా, కుండలోకి చూస్తూ. “వేలితో అంచంతా తడిమి చూశాను. నా వేళ్లు అబద్ధం చెప్పవు విసి. ఇన్నేళ్లలో ఎప్పుడైనా చెప్పాయా?”

విసి తక్షణం నోరు విప్పకపోవడం కసిల్దా ఎరిగినంతలో ఇదే మొదలు.

“ఏంటే?”

“ఏం లేదు.”

“ఏంటో చెప్పు.”

“మూడుసార్లు చెప్పాయి,” అంది విసి. “నీ వేళ్లు. ఒకటి మార్చిలో. రెండు వేసవి సెలవలకి ముందు. మూడోది పోయిన నెల. మూడుసార్లూ మూల ముక్క లోపలే వదిలేశావు. నీ వెనకాలే వచ్చి నేను తీసేశాను. నువ్వు చూళ్లేదు.”

కసిల్దా చేతిలో పీచు ఆగిపోయింది.

“నీ కళ్ల సంగతి నాకు ఎప్పుడో తెలుసే. పోయిన క్రిస్మస్ ముందు ఒక పొద్దున నువ్వు నాకు దణ్ణం పెట్టినంత మర్యాదగా ‘బాగున్నావా విసి’ అన్నావు. నేను నీ వెనకాల ఉన్నాను. నువ్వు పలకరించింది కోటు తగిలించిన కొయ్యని.” విసి నవ్వబోయింది, నవ్వు మధ్యలో విరిగింది. “ఆ రోజు నుంచి నీ లెక్క నేనే పెడుతున్నాను. నువ్వు బాధపడతావని చెప్పలేదు. నువ్వు చెప్పలేదు కదా అని నేనూ చెప్పలేదు.”

ఏడాదిగా ఆ విషయం తన ఒక్కదానికే తెలుసుననుకుంది కసిల్దా. పొగమంచు పట్టినట్టుండే కళ్లతో, వేళ్ల నేర్పుతో నెట్టుకొస్తున్నాననుకుంది. లోపల్లోపల కొంచెం గర్వం కూడా పడింది. ఇన్నాళ్లూ నెట్టింది వేళ్లు కాదు. వెనకాల నిలబడ్డ ఈ మనిషి.

“ఆ వారమంతా నువ్వు లేవు,” అంది మెల్లగా.

“అదే కదా చెప్తున్నా.”

“ఆ వారం నేను ఐదు ప్యానెళ్లకి అంచులు వేశాను.”

విసి చూపు తిప్పేసుకుంది. “మిగతా నాలుగూ పరీక్షలో నెగ్గాయి. ఏం లేదు వాటిల్లో.”

“తలుపు అంచు దగ్గర పొరలు మెట్లుమెట్లుగా ఉంటాయి. అక్కడ పరీక్ష తెర మీద బొమ్మ చెదిరిపోతుంది. ఈ ఒక్కటీ దొరికింది కూడా ఆ పరీక్ష చేసేవాడు అనుమానమొచ్చి రెండోసారి చూశాడు కాబట్టి. నీకూ తెలుసు.”

“నాకేం తెలీదు,” విసి లేచింది. “నువ్వూ ఏం తెలుసుకోకు. కసిల్దా, నేను నిన్ను ఇప్పటిదాకా ఏమీ అడగలేదు. ఇది ఒక్కటి అడుగుతున్నాను. నోరు మూసుకుని ఉండు. నీకు వచ్చినట్టే ఉండు.”

ఆమె వెళ్లాక కసిల్దా కుండ మళ్లీ కడిగింది. అది ఎప్పుడో శుభ్రమైపోయింది.

*

మేడ మీద అరాసేలి గది తలుపు తట్టేసరికి ఆరు కావస్తోంది. దీపం వెయ్యలేదు. కిటికీలోంచి వచ్చే చివరి వెలుతురులో పిల్ల మంచం మీద ఒక ఆకారంలా ఉంది.

“కూర్చోనా?”

“కూర్చో.”

కసిల్దా రాతబల్ల ముందు కుర్చీ తడుముకుని కూర్చుంది.

“ముప్పై ఒకటో పొర నేనే వేశాను. ముక్క నేనే వదిలాను. నాకు కనపడలేదు.”

అరాసేలి మంచం అంచుకి జరిగింది.

“చూసుకోలేదా?”

“కనపడలేదు అన్నాను. కళ్లకి పొర పట్టింది. ఏడాదైంది. ముందు కుడి కన్ను, తరవాత రెండోది.”

“ఏడాది నుంచా!” అరాసేలి లేచి నిలబడింది. “డాక్టరుకి చూపించావా?”

“చూపిస్తే కాగితం ఫ్యాక్టరీకి వెళ్తుంది. తెల్లగదిలోంచి తీసేస్తారు. ఆపరేషన్ చేయించుకుని వచ్చేలోపు నా బల్ల దగ్గర మనిషి ఉండదు, బల్లే ఉండదు. మూడు నెలలు ఆగుదాం, రెండు నెలలు ఆగుదాం అనుకుంటూ...”

“నాకైనా చెప్పొచ్చు కదా!”

“నీకు చెప్తే నువ్వు రాయాల్సొచ్చేది.”

కింద ఫెర్మిన్ ఇంట్లోకి వచ్చిన చప్పుడైంది, బూట్లు గుమ్మానికి కొట్టుకుంటూ.

“ఇప్పుడు రాయి,” అంది కసిల్దా. “ఉన్నదున్నట్టు రాయి. అది చెప్దామనే వచ్చాను.”

“పంపేశానమ్మా.”

“ఎప్పుడు?”

“మీరు కాఫీ తాగుతున్నప్పుడు.”

“ఏమని?”

అరాసేలి గొంతు సవరించుకుంది. బళ్లో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. “చేతి పొరల మధ్యలో ప్యానెల్ ఒక రాత్రి యంత్రం కింద ఆగింది. యంత్రం చుట్టలోంచి ప్లాస్టిక్ ముక్క ఊడి దాని మీద పడింది. యంత్రం చెయ్యి పక్కకి జరపాలని నా ప్రోగ్రాంలో లేదు. పొరపాటు నాది. అని రాశాను.”

“అది నిజమా?”

“కావచ్చు. కాదని ఎవరూ నిరూపించలేరు.”

“నిజమా అని అడిగాను.”

“కాదు.” కాస్త ఆగి, “నువ్వు కాదని చెప్తావని ఎదురు చూశాను. చెప్పలేదు. ఇంకేం చెయ్యను? నాకు తిట్లు పడతాయి, అంతే. ఇంకో ఫ్యాక్టరీ దొరుకుతుంది. నీకు దొరకదు.”

కసిల్దా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. అరచేతుల్లో జిగురు తిన్న చర్మం గరుగ్గా తగిలింది. పిల్ల తన కోసం అబద్ధం రాసిందని సంతోషించాలో, ఏడవాలో ఆమెకి తెలియలేదు. రెంటికీ ఓపిక చాల్లేదు.

“ఇంకో నాలుగు ఉన్నాయి,” అంది.

“ఏం నాలుగు?”

“ఆ వారం నేను అంచులు వేసినవి. లెక్క చూసేవాళ్లు లేకుండా వేసినవి. నువ్వు యంత్రం తప్పని రాస్తే వాటి జోలికి ఎవరూ పోరు. యంత్రం చుట్ట తుడిచి ఊరుకుంటారు.”

అరాసేలి మళ్లీ మంచం మీద కూర్చుంది.

“అరాసేలీ.”

“ఊఁ.”

“నువ్వు ఏడుస్తున్నావో లేదో కూడా ఇక్కణ్ణించి నాకు తెలియట్లేదు. ఇంత దూరంలో. ఇలాంటి కళ్లతో వేశాను ఆ నాలుగూ.”

తలుపు దగ్గర చెక్క నేల కిర్రుమంది. ఫెర్మిన్ ఎంతసేపటి నుంచి ఉన్నాడో. చేతుల నిండా మట్టి, ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఎడంగా పట్టుకుని నిలబడ్డాడు.

“చెప్పొద్దు,” అన్నాడు. మధ్యాహ్నం అరిచిన గొంతు కాదు అది. “కసిల్దా, చెప్పొద్దు. ఆ గది మూసేస్తారు. రేపటి నుంచి ఊళ్లో పదిమంది ఆడవాళ్లు నిన్ను చూసి రోడ్డుకి అటు పక్కన నడుస్తారు. బట్టీ మూసినప్పుడు లెక్కల గుమాస్తాని ఏం చేశామో నీకు గుర్తు లేదా? వాడి తప్పు ఏముంది? అయినా వాడు రొట్టెల కొట్టుకి కూడా రాలేకపోయాడు.”

“గుర్తుంది.”

“మరి?”

“ఆ తోకని నమ్ముకుని ఎగిరేవాళ్లు కూడా రోడ్డుకి అటు పక్కనే ఉన్నారు ఫెర్మిన్. వాళ్ల మొహాలు నాకెలాగూ కనపడవు.”

ఫెర్మిన్ గడపలోనే కూర్చుండిపోయాడు. ముగ్గురిలో ఎవరూ దీపం వెయ్యలేదు.

*

సోమవారం ఏడింటికి పొన్సియానో గదిలో కాఫీ వాసన వేస్తోంది. నాణ్యత విభాగానికి పెద్ద అతను. యాభై దాటాయి. ఇరవై ఏళ్ల క్రితం ఇతని పెళ్లికి కసిల్దా సెగోవియా దాకా వెళ్లి వచ్చింది. ఆమె చెప్పినదంతా అతను అడ్డు రాకుండా విన్నాడు. విన్నాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ముక్కు రుద్దుకున్నాడు.

“నీకు ఈ సంగతి నిన్న తెలుసా?” అని అరాసేలిని అడిగాడు.

“మీకు కాగితం పంపాక తెలిసింది. పంపేముందు అనుమానం ఉంది.”

“అనుమానం ఉండి అబద్ధం రాశావు.”

“అవును.”

“తల్లీకూతుళ్లు భలే దొరికారు నాకు.” అతని గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ. కాగితం ఒకటి ముందుకు లాక్కున్నాడు. “కసిల్దా, ఇక్కడ లెక్క చూసినవాళ్ల గడిలో విసితాసియోన్ పేరుంది. ఐదు ప్యానెళ్లకీ ఉంది. ఆమె చూసిందా?”

“లేదు. ఆ పేరు నేనే పెట్టాను.”

“ఆమెని అడిగి పెట్టావా, అడక్కుండానా?”

అరాసేలి తల్లి వైపు తిరిగింది. పెరట్లో ఏం మాట్లాడుకున్నారో రాత్రి కసిల్దా పిల్లకి మొత్తం చెప్పింది. ఆసుపత్రి సంగతీ, మూడేళ్ల సంగతీ, కోటు కొయ్య సంగతీ.

“అడక్కుండా,” అంది కసిల్దా.

పొన్సియానో ఆమెను చాలాసేపు చూశాడు. నమ్మాడో లేదో. కలం తీసుకుని ఒక్క ముక్క రాసుకున్నాడు.

“అది దొంగసంతకం కిందికి వస్తుంది. తెలుసుగా?”

“తెలుసు.”

అరాసేలి నోరు తెరిచింది. కసిల్దా కాలితో పిల్ల కాలు తొక్కింది. చిన్నప్పుడు చర్చిలో తొక్కినట్టే, గట్టిగా.

“సరే,” పొన్సియానో లేచాడు. “మిగతా నాలుగు ప్యానెళ్లలో రెండు విమానానికి బిగించే షెడ్డుకి వెళ్లిపోయాయి. రెండు మన గిడ్డంగిలోనే ఉన్నాయి. ముందు వాటి అంచులు చూద్దాం.”

“అంచులే కాదు,” అంది కసిల్దా. “బల్ల మీదికి ఎక్కించాక మొత్తం చూడండి. సన్నగా, దగ్గర దగ్గర గీతలతో.”

“యంత్రం పరిచిన చోటు కూడానా? దేనికి? రోజంతా పడుతుంది.”

“నా పేరు పోయేది ఎలాగూ పోయింది. పోయేటప్పుడైనా పని సరిగ్గా చెయ్యండి.”

పరీక్ష గది తెల్లగదికి ఎదురుగానే ఉంది, మధ్యలో అద్దాల గోడ. ప్యానెల్‌ని నిలబెట్టి రెండు వైపులా నీటి ధారలు వదిలారు. ధారల్లోంచి శబ్దం వెళ్లి వస్తుంది, వచ్చినదాన్ని బట్టి తెర మీద రంగులు పడతాయి. అద్దాల అవతల తెల్ల కోట్లు ఒకటొకటే పని ఆపి నిలబడడం కసిల్దాకి మసకగా తెలిసింది. ఎవరు ఎవరో తెలియలేదు. అందరికన్నా బరువైన తెల్లటి ఆకారం ఒక్కటి మాత్రం దగ్గరికి రాలేదు, బల్ల దగ్గరే ఉండిపోయింది.

తలుపు అంచు చూడడానికి గంటన్నర పట్టింది. తెర ముందు కూర్చున్న మనిషి ఒకటికి మూడుసార్లు తిప్పి చూశాడు.

“శుభ్రంగా ఉంది,” అన్నాడు.

పొన్సియానో గోడకి చేరగిలబడ్డాడు. “విన్నావా? శుభ్రంగా ఉంది. ఆ రెండోదీ చూసి, షెడ్డులో ఉన్నవాటికి ఓ మనిషిని పంపుతాను. కసిల్దా, ఇంటికి వెళ్లి పడుకో. మిగతాది తరవాత మాట్లాడదాం.”

“మొత్తం అన్నాను,” అంది కసిల్దా.

ఆమె కదలదని అతనికి అర్థమైంది. చెయ్యి విసిరాడు. నీళ్లు మళ్లీ మొదలయ్యాయి. ధారలు నెమ్మదిగా, దువ్వెన పళ్లంత దగ్గర దగ్గర గీతలు గీస్తూ ప్యానెల్ పైకి పాకాయి. కసిల్దా తెర ముందు నిలబడింది. ఆమెకి అదొక రంగుల ముద్ద. కాసేపటికి కాళ్లు లాగి, ప్యానెళ్లు కట్టే చెక్క పెట్టె మీద కూర్చుంది.

పదకొండు దాటాక నీళ్ల చప్పుడు ఆగింది.

తెర ముందు మనిషి కుర్చీ పక్కకి జరిపి, అరాసేలికి చోటిచ్చాడు. అరాసేలి వంగి చూసింది. మళ్లీ చూసింది.

“ఏం కనపడుతోంది?” అంది కసిల్దా.

అరాసేలి తెర మీద వేలు పెట్టి కొలిచింది.

“అంచు శుభ్రంగా ఉందన్నారుగా. ఏమైంది? ఏం కనపడుతోందే?”

“అంచు కాదమ్మా.” అరాసేలి గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది. “మధ్యలో. వేలెడు వెడల్పు, జానెడు పొడుగు. పన్నెండో పొర.”

పన్నెండో పొర మీద ఏ ఆడమనిషీ చెయ్యి వెయ్యదు.

“ఇది మొదటి పరీక్షలో ఎందుకు దొరకలేదు?” అన్నాడు పొన్సియానో.

“యంత్రం పరిచిన చోట గీతలు ఎడంగా వేస్తే చాలని ఏప్రిల్లో మీకు రాశాను. యంత్రం ప్లాస్టిక్ వదలదని. సగం సమయం మిగులుతుందని.” అరాసేలి తెర మీంచి కళ్లు తిప్పలేదు. “మీరు సంతకం పెట్టారు.”

“ఏప్రిల్ నుంచి ఎన్ని పరిచింది?”

“అరవై మూడు.”

పొన్సియానో వెళ్లి గది తలుపు మూసి, గడియ వేశాడు. అద్దాల మీది పరదా కిందికి లాగాడు. తెల్ల ఆకారాలు మాయమైపోయాయి.

“నిన్న నువ్వు పంపిన కాగితం ఉంది,” అన్నాడు, తలుపుకి వీపు ఆనించి, ఒక్కో మాటా ఆచి తూచి. “చుట్టలోంచి ముక్క ఊడి పడిందని. ఒక ప్యానెల్‌కి, ఒక రాత్రి. దాన్ని అలాగే ఉంచుదాం. చుట్ట మార్చేద్దాం. ఈ రెండూ పక్కన పెట్టేద్దాం. మీ అమ్మ ఇవాళ పొద్దున నా గదికి రాలేదు. ఎవరి ఉద్యోగమూ పోదు, ఆ గదీ మూతపడదు. అరవై మూడింటి సంగతి నేను మెల్లగా, నా పద్ధతిలో చూసుకుంటాను.”

“నిన్న రాసింది అబద్ధం,” అంది అరాసేలి.

“ఇవాళ నిజమైందిగా.”

“కాలేదు. ముప్పై ఒకటోది అమ్మది. పన్నెండోది నాది.”

పెట్టె మీద కూర్చున్న కసిల్దా నడుం పట్టుకుని లేచింది. గోడకి వేలాడే ఫోను ఎక్కడుందో ఇరవై ఆరేళ్లుగా తెలుసు. తడుముకోకుండానే వెళ్లి అందుకుంది.

“షెడ్డుకి చెయ్యి పొన్సియానో. అన్నిటినీ ఆపమను.”

అతను తలుపు దగ్గర్నించి కదల్లేదు.

“నువ్వు చెయ్యకపోతే నేను చేస్తాను,” అంది కసిల్దా. “అంకెలు మాత్రం నాకు కనపడవు. అమ్మాయి నొక్కాలి.”

ఫోను కూతురి వైపు చాపింది. అరాసేలి ఒకసారి తెర వైపు చూసింది, ఒకసారి గడియ వేసిన తలుపు వైపు చూసింది. అవతలి నుంచి ఎవరో అద్దం మీద తట్టారు, మెల్లగా, రెండుసార్లు.

“కసిల్దా,” అంది విసి గొంతు. “తలుపు తియ్యమను. నేనూ చెప్పాలి.”